సల్లగానా, ఏడెక్కినాకా?

ఆటోనగర్‌లో మా షెడ్డుకి
ఎస్తేరు సిస్టరు కారు తెచ్చేటప్పటికి మధ్యాహ్నం మూడు.
రేకుల కింద ఇనప రజనూ ఉప్పూ కలిసిన గాలి.
ఆమె దిగి, ఎడమకాలిని చేత్తో ఎత్తి
నేలమీద పెట్టుకుంది, సంచీ దించుకున్నట్టు.
"క్లచ్ తొక్కే కాలు కాదిది. అందుకే ఈ బండి.
ఇప్పుడిదీ కుంటుతోంది" అని తనే నవ్వింది.

ముగ్గురు చెప్పారట గేర్‌బాక్సు పోయిందని.
ఒకడు లక్షా ఎనభై అన్నాడు.
ఇంకొకడు బోనెట్టు ఎత్తకుండానే అన్నాడు.

మా దాలయ్య గారు మొదట ఎప్పుడూ ఒకటే అడుగుతాడు:
"సల్లగున్నప్పుడా, ఏడెక్కినాకా?"

సిస్టరు వార్డులో చార్టు చదివినట్టు చెప్పింది.
పొద్దున్నే డి లో వేస్తే
ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేదాకా కదలదు,
తర్వాత వెనకనుంచి ఎవరో తోసినట్టు దూకుతుంది.
కె.జి.హెచ్. ఎత్తు మీద ఇంజను అరుస్తుంది, బండి ఎక్కదు.
బీచ్ రోడ్డు చదునులో మాత్రం ఏ జబ్బూ లేనట్టు పోతుంది.
"మా పేషెంట్లూ అంతే,
పెద్ద డాక్టరు వచ్చేసరికి లేచి కూర్చుంటారు."

దాలయ్య గారి చెవులు షిప్‌యార్డులోనే ఉండిపోయాయి,
ఇరవై రెండేళ్ళ సుత్తిమోత కింద.
అందుకని ఆయన లివర్ మీద అరచెయ్యి వేసి వింటాడు.
చెవితో వినాల్సింది నాకు వదిలేస్తాడు.
"ఏటి యినపడింది, గుంటా?"
"ఈల. సన్నంగా. యాక్సిలరేటర్ నొక్కితే పెరుగుతోంది."
"గేరు మారితే మారతందా?"
"లేదు, ఇంజనుతోనే."
"అయితే పంపు. దానికి దాహమేస్తంది."

లివర్‌ని ఒక్కో మెట్టు మీదా ఆపుతూ కిందికీ పైకీ నడిపి,
ఇంజను ఆపకుండా గేజు కడ్డీ లాగాను.
తెల్ల పంచెముక్క మీదే తుడవాలి,
ఇంకెక్కడ తుడిచినా రంగు అబద్ధమాడుతుందంటాడు.
కడ్డీ కొసన మాత్రమే తడి.
అయినా ఎరుపే. నేరేడు కాదు, దానిమ్మ.
ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని తలూపాడు.
మాడు వాసనొస్తే ప్లేట్లు కాలినట్టు,
గులాబీరంగు పాలలా ఉంటే రేడియేటర్ నీళ్ళు కలిసినట్టు.
ఐ.టి.ఐ. లో చదివాను ఇవన్నీ. వాసన మాత్రం ఇక్కడే చదివాను.

"ఆయిలు బాగానే ఉంది సిస్టరూ, తక్కువుందంతే."
"అయితే ఎక్కడో పోతోంది" అంది ఆమె,
నాకంటే ముందే.

కింద దూరాను. ట్రే అంచు పొడి. సీళ్ళు పొడి.
రేడియేటర్ వైపు పోయే ఇనప గొట్టం
క్లిప్పు కరిచిన చోట వేలితో తడిమితే పొట్టు రాలింది.
పెదజాలరిపేటలో సముద్రానికెదురుగా
ఏడేళ్ళు నిలబడిన బండి మరి.
లైటు పట్టుకుని పడుకున్నాను.
చాలాసేపు ఏమీ లేదు.
వేడెక్కాక, సూదిమొనంత ఎర్రచుక్క.
ఆగి, ఇంకొకటి.
అందుకే ఆమె ఇంటిముందు ఎప్పుడూ మరక లేదు,
జగదాంబ దగ్గర కొంత, సిరిపురంలో కొంత,
రోడ్డు మీదే ఒలకబోసుకుంటూ తిరిగింది.

గొట్టం మార్చాం. ఆయన ఊరుకోలేదు,
"ట్రే ఇప్పు, అయస్కాంతం సూడాల."
దానిమీద బూడిదరంగు నూగు. అది వయసు, ఫరవాలేదు.
నూగులో ఒక్క రేకు, తళుక్కుమంటూ.
దాన్ని గోటిమీద పెట్టుకుని దాలయ్య గారు
టీ చల్లారేదాకా చూశాడు.
"దీనికి నానేటీ సెప్పలేను తల్లీ.
ఒకటే ఉంది. ఆర్నెల్లకి మళ్ళీ ఇప్పుదుం."

యారాడ కొండ ఎక్కించాం. ఆమే నడిపింది.
ఆయన చెయ్యి లివర్ పక్కన, నేను వెనకసీట్లో.
మూడో మలుపు దాటినా ఎవరూ నన్నేమీ అడగలేదు.
ఈల లేదు.

దిగాక సిస్టరు బ్యాగులోంచి
ఖాళీ ఇంజెక్షన్ సీసా తీసి,
ఆ రేకు అందులో వేయించుకుని,
తేదీ రాసి ప్లాస్టరు అంటించింది.