ఇథైల్ బ్రోమోఅసిటేట్, కింది అర

తలుపు వెయ్యి, రాస్ముస్. చలి లోపలికొస్తోంది.
తార్తు ఊళ్లో ఫిబ్రవరి ఏటినే గడ్డకట్టిస్తుంది,
ఈ స్టోరుగదికి మాత్రం నా మోకాళ్ల కోసమే వస్తుంది.

నీ చీటీ చూశాను. యాభై గ్రాములు.
జింకు పొడి మీద దీన్ని పోసి, ఆల్డిహైడ్ చేర్చి
కార్బన్‌కీ కార్బన్‌కీ ముడి వేస్తావు. మంచిదే.
ఎన్నో మందుగుళికల తాతల్లో
ఇలాంటి మొరటువాళ్లు ఉన్నారు.

రంగు లేదు, చూడు. నీళ్లేననిపిస్తుంది.
ఎత్తితే తెలుస్తుంది, నీళ్లకు ఒకటిన్నర రెట్లు;
ఒక్క బ్రోమిన్ పరమాణువు మోసుకొచ్చిన మూట అదంతా.
వాసన మొదట పండులా ఉంటుందట.
ఆ మొదటిని పూర్తిగా వర్ణించినవాడెవడూ లేడు,
రెండో ఊపిరికే కళ్లు మాట వినడం మానేస్తాయి.

వందేళ్ల కింద కందకాల్లో కుర్రాళ్ల మీదికి
దీన్నే గ్రెనేడ్లలో నింపి విసిరారు.
చంపడానికి కాదు, ఏడిపించడానికే, అన్నారు.
మెట్లు ఎక్కేవాడు మొదటి మెట్టు దగ్గర
ఎప్పుడూ అలాగే అంటాడు.

సరే, విను.
తూచడం కూడా ఫ్యూమ్ హుడ్ లోపలే.
త్రాసు రెండడుగుల దూరమే కదా అనుకుంటావు,
అందరూ అనుకున్నారు.
పలచటి గ్లౌజుల్ని ఇది చెప్పకుండా దాటేస్తుంది:
రెండు జతలు వేసుకో, చుక్క పడితే చూడకు, విప్పేయ్.
కాంటాక్ట్ లెన్సులు ఇంట్లో పెట్టిరా.
మిగిలింది హాలోజన్ల డబ్బాలోకి. సింకులోకి కాదు.

సింకు సంగతి చెప్పాలి నీకు.
ఎనభై ఏడు, మార్చి. హెల్దుర్ అని ఒక కుర్రాడు,
ఒట్టి ఫ్లాస్కే కదా అని అడుగున తడి ఉన్నదాన్ని
వేడినీళ్ల కింద పెట్టాడు.
వేడినీళ్లు!
మూడంతస్తులు ఏడ్చాయి.
జీతాల గుమస్తా, గాజు ఊదే ముసలాయన,
పార్టీ పాఠాలు చెప్పే కామ్రేడ్ కూడా, టోపీలో మొహం దాచుకుని.
మంచులో నిలబడి ఒకళ్ల ముక్కు చూసి ఒకళ్లం నవ్వాం,
కారుతున్న కళ్లతోనే.
కిటికీలన్నీ తెరిచాక నలభై నిమిషాలకు
అందరి మొహాలూ ఆరాయి.

నేల తుడిచే వైకే మొహం ఆరలేదు.
బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది, చీకటి పడేదాకా.
ఏమిటని ఎవరడుగుతారు?
కారణం మా అందరి గొంతుల్లో ఇంకా మండుతూనే ఉంది.
ఆమె పెద్దాడు కాబూల్ వైపు సైన్యంలో ఉన్నాడని
చాలా తర్వాత తెలిసింది నాకు.
ఉన్నాడో, అప్పటికే లేడో, అది తెలీదు.

మర్నాడు పొద్దున నేను తాళాలు తీస్తుంటే
చీపురు గోడకానించి, ఉప్పు అడిగినంత మామూలుగా,
"ఆ సీసా మళ్లీ ఎప్పుడు తెరుస్తారు, మైమూ?" అంది.

నేనేమన్నానో తెలుసా?
చల్లని చోట, వెలుతురు తగలకుండా,
క్షారాలకు దూరంగా, తాళం వేసి ఉంచాలి, అన్నాను.
నియమాలన్నీ వరసగా అప్పజెప్పాను.
ఆమె అంతా విని, తలూపి, చీపురు తీసుకుంది.

ఇదిగో, సంతకం ఇక్కడ. తేదీ కూడా.
మూత నా ఎదురుగానే బిగించు. ఇంకా.

కళ్లల్లోకి పోతే రుద్దుకోకు,
పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పట్టు, డాక్టరు దగ్గరికెళ్లు.
ఆయన ఏమీ లేదు అన్నాక కూడా ఆగకపోతే
ఇక్కడికి రా.
ఐదింటిదాకా ఉంటాను.