ఇరవై ఏడో గులకరాయి

మా దీవిలో జూన్ నెలకి రాత్రి ఉండదు.
చేసిన పని దాచుకోడానికి
కాస్త చీకటైనా అప్పివ్వని ఊరు.

ఊరంటే ఊరు కాదు, ఒకటే ఇల్లు,
చుట్టూ ఐస్లాండ్ పడమటి సముద్రం,
ఏటా వచ్చి గడ్డిలో గూళ్ళు కట్టుకునే
నాలుగు వందల ఐడర్ బాతులు.
తన రొమ్ము మీది నూగు తనే పెరుక్కుని
గుడ్ల కింద పరుచుకుంటుంది ఆడబాతు.
అందులో సగం మేం తీసుకుంటాం.
ఆ సగంతోనే ఏడాదంతా తింటాం.

నాకు పదేళ్ళు.
నూగులోంచి ఎండుగడ్డీ, నాచూ, పెంకుముక్కలూ
ఏరి ఏరి గోళ్ళ చుట్టూ పుళ్ళు.
తమ్ముడు ఓర్రికి ఆరు. వాడికి పనేం లేదు.
బోర్లా పడుకుని పాక్కుంటూ వెళ్ళి
పడవల కొట్టం వెనక బాతు వీపు నిమిరేవాడు.
అది కదిలేది కాదు.
ఒక్కోసారి వాడి చొక్కా గుండీ పీకి ఆడేది.
"వీణ్ణి పక్షులే కని మనకిచ్చాయి" అనేది అమ్మ
వచ్చిన ప్రతివాళ్ళతోనూ,
ఉత్తరాల పడవ నడిపే ముసలాయనతో కూడా.
నన్ను చూస్తే మాత్రం
గుడ్ల మీద రెట్టవేసి మరీ ఎగిరిపోయేది.

కళ్ళల్లో నిప్పులు పోసుకోడానికి
పొయ్యి అక్కర్లేదు, అంత చలిలో కూడా.

ఆ రాత్రికాని రాత్రి
నేను నక్కి నక్కి పోలేదు, మామూలుగానే నడిచాను.
నన్ను చూడగానే అది ఎగిరింది.
నాకు కావలసింది అదే. నన్ను కాల్చిందీ అదే.
అయిదు గుడ్లు, నాచు రంగువి, వెచ్చగా.
రేకు బకెట్లో సముద్రపు నీళ్ళు.
వెయ్యి దాకా లెక్కపెట్టాను,
మధ్యలో తప్పితే మళ్ళీ మొదట్నించీ.
తరవాత తుడిచి, పేర్చి, నూగు కప్పాను,
అమ్మ నేర్పినట్టే అంచులు లోపలికి మడిచి.
అంత పొందిగ్గా ఏ పనీ చెయ్యలేదు నేను అంతకుముందు.

ఇక్కడ ఏడ్చానని చెప్పాలేమో.
లేదు. ఇంటికొచ్చి ఎండుచేపకి వెన్న రాసుకు తిని
పడుకున్నాను.

బాతు తిరిగొచ్చి కూర్చుంది.
ఓర్రి కిటికీ గట్టు మీద రోజుకో గులకరాయి పెడుతున్నాడు.
ఇరవై ఆరు రాళ్ళకి పిల్లలని నాన్న చెప్పాడు.
పొదిగినన్నాళ్ళూ అది మేతకి పోదని కూడా చెప్పాడు,
వాడికి కాదు, నాకు, ఎప్పుడో.
ఇరవై ఆరు పెట్టాడు.
ఇరవై ఏడు పెట్టి, దాన్ని కొంచెం ఎడంగా జరిపి,
"రేపు" అన్నాడు రొట్టె నములుతూ.
మిగతా గూళ్ళు ఖాళీ అయి
పిల్లలు తల్లుల వెనక నీళ్ళలోకి దిగిపోయాయి.
ముప్పై ఒకటి. "రేపు."
ఆ మాట విన్నప్పుడల్లా
బకెట్ అంచు కడుపులో ఒత్తుకునేది.

ఉండబట్టలేక వెళ్ళాను, మరో తెల్లటి అర్ధరాత్రి.
అది ఎగరలేదు.
ఈకలు కప్పిన ఎముకల పోగు.
నా చెయ్యి కిందికి పోనిచ్చింది,
కొంచెం పక్కకి జరిగి చోటు కూడా ఇచ్చింది
ఓర్రికి ఇచ్చినట్టే.
నేను కోరుకున్నదంతా అప్పుడు నా చేతిలో ఉంది.
అయిదూ చల్లగా ఉన్నాయి.

గుడ్లు తీసేశాక కూడా రెండు రోజులు కూర్చుంది.
మూడో రోజు గూట్లో నూగు తప్ప ఏం లేదు.
ఓర్రి అందులో చెయ్యిపెట్టి చాలాసేపు వెతికాడు.
సాయంత్రం అమ్మనడిగాడు,
"నేను మరీ ఎక్కువ ముట్టుకున్నానా?"
అమ్మ నోరు తెరిచేలోగా నేను అవునన్నాను.
ఈసారి వెయ్యి అంకెలు పట్టలేదు.

ఓర్రికి ఇప్పుడు యాభై దాటాయి. దీవి వాడిదే.
నూగు ఏరడానికి ఏటా జూన్‌లో వెళ్తాను,
పట్నంలో మోకాళ్ళ నొప్పులని ఎవరేమన్నా సరే.
గూళ్ళకి పది అడుగుల దూరంలో వాడు ఆగిపోతాడు,
చేతులు రెండూ జేబుల్లో దోపుకుని.
"నువ్వెళ్ళు హల్‌బెరా, నీది మంచి హస్తవాసి" అంటాడు.

నేను వంగుతాను.
రెట్టవేసి ఎగిరిపోతుంది బాతు.