పదకొండు మాటలు ఎక్కువ

ఇంట్లో ప్రింటర్‌కి సిరా అయిపోయి ఆరు వారాలు.
రేపు తెస్తా, రేపు తెస్తా అని
నేనే దాటేస్తున్నాను.
ఆఫీసువాళ్ళు నా బ్యాడ్జి తీసుకుని
చేతికొక అట్టపెట్టె ఇచ్చి పంపి కూడా
ఆరు వారాలే.
ఆ పెట్టె ఇంకా కారు డిక్కీలో ఉంది,
స్పేర్ టైరు పక్కన.

పొద్దున్న ఎనిమిదింటికి
ఇస్త్రీ చొక్కా, టిఫిన్ డబ్బా,
ట్రాఫిక్‌లో జాగ్రత్త అన్న మాట
అన్నీ తీసుకుని బయల్దేరతాను.
ఓవర్లాండ్ పార్క్‌లో ట్రాఫిక్ ఏముంటుంది,
గాలి తప్ప.
కాన్సాస్ గాలి కారు తలుపు పట్టుకుని
ఎక్కడికీ అంటుంది.
దానికొక్కదానికే నిజం చెబుతాను:
లైబ్రరీకి.

కిటికీ పక్క మూడో బల్ల నాది.
ఎదురు కుర్చీ గ్లెన్‌ది,
టెలిఫోన్ కంపెనీలో ఇరవై రెండేళ్ళు చేశాడు.
ఉద్యోగాల సైటు తెరిచి పెట్టి
పేపర్లో గళ్ళనుడికట్టు నింపుతుంటాడు.
నేను నా పద్దెనిమిదేళ్ళని
ఒక్క పేజీలోకి కుక్కుతుంటాను.
బృందాన్ని నడిపించాను. ఖర్చు తగ్గించాను.
ఆ తగ్గించిన ఖర్చుల్లో చివరిది నేనేనని
ఏ చుక్క కింద రాయను?

నిన్న రెజ్యూమె ప్రింట్ ఇచ్చి వెళితే
ఎవరూ తీసుకెళ్ళని కాగితాల ట్రేలో
మా అమ్మాయి పేరు.
విహిత. కాలేజీ వ్యాసం, మూడో చిత్తు.

చదవకూడదు.
నిలబడే చదివాను.

మొన్న భోజనాల దగ్గర నేనే సలహా ఇచ్చాను,
రోబోల పోటీ గురించి రాయమ్మా,
ఫుడ్ బ్యాంకులో డబ్బాలు సర్దావుగా, అది రాయి.
ఏదైనా కష్టం ఉంటే బావుంటుందట నాన్నా అంది.
మనకేం కష్టాలున్నాయే అన్నాను,
చపాతీ తుంచుతూ.

కాగితం మీద ఇలా ఉంది:
మా నాన్న రోజూ ఆఫీసుకి వెళతారు. ఆఫీసు లేదు.

ఇంగ్లీషులో ఎంత పొట్టి వాక్యాలో అవి.

డిబేట్‌కి వెళ్తున్న స్కూలు వ్యాన్‌లోంచి చూశాను.
లైబ్రరీ పార్కింగ్‌లో, కార్లో,
ఒళ్ళో రుమాలు పరుచుకుని
నిమ్మకాయ పులిహోర తింటున్నారు.
నేను కిందికి వంగి షూ లేసు కట్టుకున్నాను.
ఫ్రెండ్స్ ఆయన్ని చూస్తారని కాదు,
ఆయన నన్ను చూస్తే
రేపట్నించి ఎక్కడ తింటారు?

గ్లెన్ ఏదో ఆరక్షరాల మాట అడిగాడు.
తెలీదన్నాను.
కాగితాన్ని బోర్లా తిప్పి
ట్రేలోనే పెట్టేశాను.

రాత్రి విహిత ల్యాప్‌టాప్ తెచ్చి
నా ఒళ్ళో పెట్టింది.
గోడకున్న క్యాలెండర్‌తో చెబుతున్నట్టు,
ఆరువందల యాభై మాటలే ఉండాలి,
పదకొండు ఎక్కువయ్యాయి,
కొట్టేసి పెడతావా నాన్నా, అంది.
వంటింట్లో మిక్సీ తిరుగుతోంది.
అది ఆగేలోపు చదవాలి.

చదవడానికేముంది, నాకు వచ్చేసిందిగా.
చదువుతున్నట్టు కళ్ళు నడిపించాను.
'ఎంతో' అని ఉన్నవి నాలుగు తీసేశాను.
'నిజంగా'లు మూడు.
'త్యాగం' ఒకటి కనిపించింది, ఎవరిదో మరి.
'ధీరుడు' అని ఉన్నచోట
కాసేపు ఆగాను. అదీ పోయింది.
'చిరునవ్వుతో' కూడా. నేను నవ్వలేదు ఆ రోజు.
పది.

మిక్సీ ఆగింది.

పులిహోర కాదమ్మా,
అన్నాను, గొంతు తగ్గించి,
ఆ రోజు దొండకాయ వేపుడు.

విహిత వేళ్ళు కీబోర్డు మీద
చాలాసేపు అలాగే ఉండిపోయాయి.
తర్వాత ఒక మాట కొట్టి, ఇంకోటి కొట్టి,
లెక్క చూసింది.
ఇంగ్లీషులో అదీ రెండే మాటలు, ఇదీ రెండే నాన్నా,
లెక్కేం మారదు, అంది.
ముక్కు తుడుచుకుంది స్వెటర్ చేతికి.

వంటింట్లోంచి వాళ్ళమ్మ కేకేసింది,
దొండకాయలేంటి,
ఎవరికి కావాలి ఇప్పుడు?

మేమిద్దరం తెర వైపే చూస్తున్నాం.
ఇంకా ఒక్క మాట ఉంది.