బొటనవేలు

మొన్న రాత్రి రెండు దాటింది. గంగపట్నం గుంటల మీద
ఏరేటర్లు నీళ్ళని చిలుకుతానే ఉండాయి.
లారీ క్యాబిన్లో కాళ్ళు చాపుకోని
నేనొక పాడుబడ్డ గోడౌన్లో దాక్కోనుండా,
చేతిలో తుపాకి, చెవిలో రసూలు గొంతు:
"కదలబాక చెంగా, వాడికి నువ్వు కనపడవు."

కనపడ్డా.
రెండు గోడలవతల నించి, పొగలోనించి
తలకాయకి సూటిగా ఒకటే గుండు.

చచ్చినాక చూపిస్తారు కదా, చంపినోడి కంటితో,
దాన్ని అయిదుసార్లు తిప్పి తిప్పి చూశా.
వాడు గోడని చూట్టంలా. గోడెనకాల నన్ను చూస్తుండాడు.
నేను కుడికి జరిగితే వాడి గురీ కుడికి,
కూర్చుంటే కిందికి,
కుక్క వాసన పట్టినట్టు.

ఇట్టాంటోళ్ళని వదిలిపెట్టను నేను.
ఆ ముక్క కత్తిరించి, టైము రాసి,
కారణాల పట్టీలో "గోడల్లోంచి చూట్టం" మీద
బొటనవేలు నొక్కి పంపించేస్తా.
ఈ యేడు నలభై ఒక్క మంది.
రసూలు నవ్వుతాడు, కోవూర్లో పంక్చర్ షాపు మూసి
ట్యూబుల మధ్యన పడుకోని:
"నీకేమన్నా జీతమిస్తారంట్రా?"
ఈరు. "మీ ఫిర్యాదు అందింది, కృతజ్ఞతలు" అంటారు.
అదొచ్చిన రాత్రి నాకు బాగా నిద్రపడతాది.

నా ఆటపేరు పచ్చినిజం.

తెల్లారి కామాక్షమ్మ మొదటి గుంట పట్టుబడి.
వల లాగేదానికి ఎనిమిది మంది, ఐసు బండి, కాటా,
కాటా పక్కన నేను.
యాభై కౌంటు రొయ్య. ఆమె కుచ్చిళ్ళు దోపుకోని
గట్టు మీద గొంతుక్కూర్చోని, బొగ్గుముక్కతో
సిమెంటు సంచి మీద గీతలు పెట్టుకుంటాది.
ట్రే ఎక్కిస్తా. సర్దినట్టు పట్టుకుంటా.
అంచు కింద బొటనవేలు,
ఎత్తీ ఎత్తనట్టు.
మూడొందల గ్రాములు. ఒక్కోసారి నాలుగొందలు.
అంతకు మించితే తెలిసిపోతాదని ఏజెంటే నేర్పించాడు
మొదటి వారం, ఖాళీ ట్రేల మీద,
బిడ్డకి అన్నం కలుపుకోటం నేర్పినంత ఓపిగ్గా.

మొత్తం తొంభై ట్రేలు.
లెక్క నేనేస్కోలా.

అరవయ్యో ట్రే అప్పుడనుకుంటా,
కామాక్షమ్మ గీత పెట్టబోయి ఆగింది.
కాటా మీది ఎర్రంకెల్ని కాదు, నా చేతిని చూసింది.
"గోరుకి దెబ్బ తగిలిందా నాయనా, నల్లగుండాది?"
అంతే. గీత పెట్టుకునింది.
తర్వాత మూడు ట్రేలు నిఖార్సుగా తూగినాయి.
నాలుగోదానికి ఏజెంటు దగ్గాడు.

ఈ రాత్రి మళ్ళీ ఆమె గట్టే.
పొద్దున రెండో గుంట.
ఆట తెరవంగానే అడ్డంగా ఎర్రపెట్టె:
"మోసం చేస్తున్నారని పలువురి ఫిర్యాదు.
ఏడు రోజులు నిలిపివేత."

నేనా?
నలభై ఒక్క మందిలో ఎవురో జట్టుకట్టి నొక్కుంటారు.
ఒక్క గుండు దొంగతనంగా పేల్చినోణ్ణి కాదే,
రసూలుని అడగండి, నా ఆటలన్నీ తిప్పి చూడండి,
గోడలోంచి ఏనాడన్నా చూశానేమో!
లేచి కూర్చోని గట్టిగానే అరిచినట్టుండా.
డ్రైవరు అంకయ్య దుప్పట్లోనించి
"యాడ తగిలింది?" అన్నాడు, మళ్ళీ గురక.

కింద చిన్నక్షరాలు: మీ వాదన చెప్పుకోండి,
అయిదొందల అక్షరాలు మించకుండా.
నేనేం చెయ్యలా, అని కొట్టబోయా.
కొట్టాలన్నా ఆ వేలే కావాల.

"నే" దగ్గిర ఆపా.
ఏరేటరొకటి ఆగిపోయినట్టుంది,
ఆ పక్కన నీళ్ళు చప్పుడు లేకుండా ఉండాయి.
అవతలి గట్టు మీద టార్చిలైటు,
ఆమెదే,
ఆగి ఆగి ఇటే వస్తుండాది.