ఘర్షణను విస్మరించుము

"ఎనిమిది వేల కిలోల దిమ్మెను
పదహారు వేల న్యూటన్ల బలంతో లాగుచున్నారు.
ఘర్షణను విస్మరించుము. త్వరణమెంత?"

రెండు, అని రాసింది మిలరాయ్.
అంటే పది సెకన్లలో వంద మీటర్లు.
పెన్సిలు ఆపి నవ్వుకుంది.

పోయిన శనివారం, చిలోయే దీవిలో,
ఆ దిమ్మె వాళ్ల ఇల్లే.
కింద దుంగలు, ముందు పన్నెండు జతల ఎద్దులు,
విప్పడం మరిచిన కిటికీ తెరలు.
ఎలియోదోరో కేకకి తాళ్లు బిగిశాయి, కిర్రుమన్నాయి.
ఇల్లు మాత్రం
బెత్తెడు జరగలేదు.

అమ్మమ్మ ఎదెల్మీరా మోచేతులదాకా ముంచి
దుంగలకు పందికొవ్వు పూసింది,
పెనానికి పూసినంత మామూలుగా.
"కదిలేదాకానే దాని బెట్టు" అంది.
నిజమే. ఒక్క కుదుపు, ఆ తర్వాత
ఎద్దులే తప్పుకోవాల్సి వచ్చింది.

జవాబు కింద చిన్నక్షరాలతో చేర్చింది:
పందికొవ్వు, అయిదు డబ్బాలు.

తర్వాతి లెక్క అలల గురించి.
పడవకు కట్టి ఇంటిని జలసంధి దాటించిన ఆ మధ్యాహ్నం
గడప దాటి లోపలికొచ్చిన అలను
ఎవరూ విస్మరించలేదు.
గోడ మీద ఇంకా ఉంది తెల్లటి ఉప్పుగీత.
స్కేలు తీసుకుని
లేచింది మిలరాయ్.