సున్నా సెకన్లు

ఫర్వానియాలో మిట్టమధ్యాహ్నం. బయట నలభై ఎనిమిది.
లోపల నేను, సీసం కోటు మోస్తూ,
పెడల్ మీద పాదం ఆనీ ఆనకుండా.

బల్ల మీద రెడ్డెమ్మ, సంబేపల్లె మనిషి.
కళ్లల్లో పసుపు, కడుపులో అయిదో నెల.
"బిడ్డ మీద ఆ ఎండ పడదు కదన్నా?"
ఎక్స్‌రేని ఎండ అంది.
పదకొండేళ్లుగా ఇదే పని, నాకా మాట తట్టలేదు.

డాక్టర్ హనాన్ నా పాదం వైపు చూసి
తల అడ్డంగా ఊపింది.
గొట్టం గొంతు దిగి, పొట్ట దాటి,
పేగు మలుపులో చిన్న మొటిమ దగ్గర ఆగింది.
తీగ లోపలికి జారింది.
ఎటు జారిందో నా తెర చెప్పాలి.
నా తెర నల్లగానే ఉంది.

నర్సు సిరంజి వెనక్కి లాగింది.
పసరు!
చిక్కగా, పసుపులో ఆకుపచ్చ కలిసి.
"ఇదే దారి" అనుకుంది డాక్టర్ అరబ్బీలో, తనలో తనే.

బెలూన్ వెంట మూడు రాళ్లు,
మాడిన కందిబద్దల్లా.
నొక్కని కాలు తిమ్మిరెక్కింది నాకు.

రోజూ నూట ఎనభై, రెండొందలు రాసే గడిలో
సున్నా చుట్టాను.

మత్తు వదిలాక మళ్లీ అదే అడిగింది.
"నీడలోనే ఉన్నాడమ్మా" అనబోయి,
ఆడో మగో నాకేం తెలుసని
"ఉంది" అన్నాను.