నాలుగు మీద కొసరు

డిఫరెన్షియల్ మార్చిన నాడే బండికి వణుకుడు వట్టింది.

ముప్పైల బాగనే ఉంటది, నలభైల ముద్దుగుంటది,
అరవై ముట్టంగనే సీటు కిందికెళ్ళి
జరమొచ్చినోని పండ్లోలె
సన్నగ, టకటకటక.
డెబ్బై ఐదు దాటితే మల్ల గప్‌చుప్.

పాత సుమో. బార్కాస్ అవద్ మబ్రూక్‌ది.
పెండ్లిళ్ళల్ల మర్ఫా వాయించే జమాత్‌కు అదొక్కటే బండి.
వెనుక సీట్లు పీకి పెట్టిన్రు,
ఆడ డోళ్ళు, డఫ్‌లు, సొట్టలువోయిన స్టీలు బిందెలు.
క్రౌన్ పండ్లరిగి మొత్తుకుంటుంటే
కాటేదాన్ స్క్రాప్‌ల ఇంకో సుమో కిందికెళ్ళి ఊడదీసింది కొనుక్కొచ్చి
చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ నీడల, నా షెడ్డుల,
నేనే బిగించిన.
తప్పుంటే నాదే.
గా మాట నోట్లకెళ్ళి రానీకి మూడు దినాలు వట్టింది.

మొదటి దినం టైర్లనన్న.
ముందటియి వెనుకకు, వెనుకటియి ముందుకు.
బ్యాలెన్సింగోడు సీసం ముక్కలు కొట్టి పైసలు గుంజిండు.
వణుకు మాత్రం
పగ్డీ కట్టిన కిరాయిదారు లెక్క కదలలే.

రెండో దినం ఇంజన్‌నన్న.
పహాడీ షరీఫ్ రోడ్డు మీద అరవై ఐదుల న్యూట్రల్ జేసిన.
ఇంజన్ ఊపిరి తగ్గింది, వణుకు తగ్గలే.
ఒక అనుమానం చచ్చింది.
ఆనాటి కమాయి గదే.

మూడో దినం అవద్ భాయ్ ఎక్కిండు, వెనుక గూసున్నడు.
ఒక డఫ్ తీసి, తోలు మీదికి జేసి కింద వెట్టిండు.
జేబులకెళ్ళి సోంపు తీసి పిడికెడు చల్లిండు.
అరవై.
సోంపు లేచి నిలవడ్డది.
ఎగురుడు గాదు, దుంకుడు గాదు,
పాలు పొంగే ముందు ఉంటది సూడు, గట్ల.
"చక్రమైతే పెద్ద డోలు, ఉస్తాద్.
దెబ్బకూ దెబ్బకూ నడుమ మనిషి పట్టేంత జాగుంటది.
ఇది థాపి.
చక్రం కన్న జల్ది తిరిగేదేమన్న ఉందా నీ బండిల?"

చెవులు చల్లగైనయి నాకు.
పినియన్‌కు పది పండ్లు, క్రౌన్‌కు నలభై ఒకటి.
చక్రం ఒక్కసారి తిరిగొచ్చే లోపల
జాయింట్ షాఫ్ట్ నాలుగుసార్లు తిరిగి
పైన ఇంత కొసరేస్తది,
కూరగాయలామె కరివేపాకు ఏసినట్టు.

బండిని స్టాండ్ల మీదికెక్కిచ్చి వెనుక చక్రాలు రెండూ విప్పినం.
గేరేస్తే, చక్రాలు లేకున్నా వణుకుతనే ఉంది.
కింద పండుకొని, మోచెయ్యి ఇటుక మీదాన్చి,
తిరిగే షాఫ్ట్ కొనకు సుద్దముక్క జరుపుకుంట పోయిన,
నిద్రవొయ్యే పిల్లకు కాటుక వెట్టినంత మెల్లగ.
బంద్ జేసి చూస్తే
చుట్టూత పడాల్సిన గీత
ఒక్క దిక్కే పడ్డది,
రంజాన్ నెలవంక మందాన.

పాత ఫ్లాంజికి ఒక వంకర, షాఫ్ట్‌కు ఒక వంకర,
ఒకదాన్నొకటి కప్పుకొని ఇన్నేండ్లు నడిచినయి.
కొత్తదాని వంకర ఇంకో దిక్కుంది.
"విప్పెటప్పుడు గుర్తు వెట్టినవారా బక్కన్నా?"
పోరడు గ్రీజు చేతుల దిక్కే చూసిండు, కండ్లల్ల నీళ్ళు.
వెట్టినా అది పాతదాని గుర్తురా, దీనికి పనికి రాదు
అని చెప్పిన. నిజమే చెప్పిన.
నమ్మలే వాడు.

నాలుగు బోల్టులు విప్పి ఒక రంధ్రం తిప్పిన:
ఇంకింత ఎక్కువైంది.
ఇంకొకటి తిప్పి బిగించిన.
బక్కన్న ఉలి తెచ్చి జోడు మీద గాటు వెట్టిండు,
ఒకటి సాలురా అంటే మూడు వెట్టిండు.

మబ్బుల పొద్దు, అదే రోడ్డు.
అరవై. అరవై ఐదు. డెబ్బై.
డఫ్ మీద సోంపు పండుకొనే ఉంది.
ఎనభై కాడ ఒక్క గింజ కదిలింది.
అద్దంలకెళ్ళి నేను చూస్తున్నది చూసి
అవద్ భాయ్ ఆ గింజ తీసి
నోట్లేసుకున్నడు.